అమెరికా సెక్యూరిటీ క్లియరెన్స్: ద్వంద్వ పౌరసత్వం, విదేశీ బంధుత్వాలు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ప్రభుత్వ రహస్య సమాచారాన్ని చూచుటకు ఒక వ్యక్తికి ఇచ్చే అర్హతను '''సెక్యూరిటీ క్లియరెన్స్''' (భద్రతా అనుమతి) అంటారు. ఇందులో కాన్ఫిడెన్షియల్, సీక్రెట్, టాప్ సీక్రెట్ అని మూడు స్థాయిలు ఉన్నాయి. 1995లో అధ్యక్షుడు బిల్ క్లింటన్ జారీ చేసిన 12968వ కార్యనిర్వాహక ఉత్తర్వు ప్రకారం ఇది అమెరికా పౌరులకే లభిస్తుంది. గ్రీన్ కార్డు చాలదు. ఈ అనుమతి ఎవరికీ హక్కు కాదని 1988లో అక్కడి సుప్రీం కోర్టు ఈగన్ కేసులో స్పష్టం చేసింది. సందేహం మిగిలితే దేశభద్రత వైపే మొగ్గు చూపుతారు.

== మార్గదర్శక సూత్రాలు ==
నిర్ణయానికి 13 సూత్రాలు ఉన్నాయి. వాటిలో 'బి' విదేశీ ప్రభావానికి, 'సి' విదేశీ పక్షపాతానికి సంబంధించినవి. ఈ రెంటినీ ఒకటిగా భావించటం సాధారణంగా జరిగే పొరపాటు. దరఖాస్తుదారు మనసు ఎటు మొగ్గుతుందన్నది 'సి' సూత్రపు ప్రశ్న.  విదేశంలోని ఆత్మీయుల ద్వారా అతనిపై ఒత్తిడి తేవటానికి వీలుందా అని 'బి' సూత్రం చూస్తుంది.

== ద్వంద్వ పౌరసత్వం ==
2000లో రక్షణ శాఖ జారీ చేసిన ఆదేశం మేరకు విదేశీ పాస్‌పోర్టును అప్పగించనిదే, లేదా దాని వాడకానికి అమెరికా ప్రభుత్వ ఆమోదం లేనిదే అనుమతి దక్కేది కాదు. 2017 జూన్ 8న అమలులోకి వచ్చిన సూత్రాలు ఈ పట్టును సడలించాయి. రెండవ పౌరసత్వం ఉండటం దానికదే అనర్హత కాదు. కాని దానిని దాచిపెట్టినా, అమెరికాలోకి వచ్చేటప్పుడు, వెళ్ళేటప్పుడు అమెరికా పాస్‌పోర్టు వాడకపోయినా చిక్కు వస్తుంది.

== విదేశీ బంధువులు ==
ఎస్ఎఫ్-86 అనే దరఖాస్తులో తల్లిదండ్రులు, తోబుట్టువులు, అత్తమామలు మొదలైనవారి పౌరసత్వం, నివాసం, గడచిన ఏడేళ్ళ విదేశ ప్రయాణాలు, విదేశాలలోని ఆస్తులు తెలపాలి. దగ్గరి బంధువులతో రాకపోకలను నామమాత్రమైనవిగా పరిగణించరు. జీవిత భాగస్వామి తల్లిదండ్రుల పట్ల కూడా మమకారం ఉంటుందనే భావనతోనే విచారణ మొదలవుతుంది. బంధువులున్న దేశం ఏది, వారు ప్రభుత్వోద్యోగులా, డబ్బు పంపుతున్నారా, అక్కడి ఆస్తి విలువ ఇక్కడి ఆస్తితో పోలిస్తే ఎంత అన్నవి తూచి చూస్తారు. అమెరికాలో ఏళ్ళ తరబడి పాతుకున్న జీవితం, అక్కడే పెరిగిన పిల్లలు, ఇల్లు దరఖాస్తుదారుకు అనుకూలాంశాలు. బంధుత్వం కంటే దానిని దాచటమే ఎక్కువ ముప్పు తెస్తుంది: దాపరికం వ్యక్తిగత ప్రవర్తనకు చెందిన 'ఇ' సూత్రం కిందికి పోతుంది, తెలిసి అబద్ధం వ్రాయటం నేరం కూడా.

== ప్రవాస తెలుగువారు ==
ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణల నుండి వెళ్ళి అమెరికా పౌరులైనవారికి సాధారణంగా వర్తించేది 'బి' సూత్రమే. భారత పౌరసత్వ చట్టం (1955) 9వ విభాగం ప్రకారం స్వచ్ఛందంగా వేరొక పౌరసత్వం పొందినవారు భారత పౌరసత్వం కోల్పోతారు. 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో మొదటి ఓసీఐ కార్డులు అందజేశారు. వీటిని పత్రికలు ద్వంద్వ పౌరసత్వమని వ్యవహరించినా, ఓటు హక్కు గాని భారత పాస్‌పోర్టు గాని వీటితో రావు. ఊళ్ళో ఉన్న వృద్ధులైన తల్లిదండ్రులు, వారసత్వపు పొలం, ఇంటి స్థలం మాత్రం వివరించవలసిన విషయాలే.

== తిరస్కరణ, అప్పీలు ==
అనుమతి నిరాకరించదలచినప్పుడు కారణాలను లిఖితపూర్వకంగా తెలుపుతారు. రక్షణ కాంట్రాక్టు సంస్థల ఉద్యోగులు రక్షణ శాఖకు చెందిన డోహా అనే విచారణల కార్యాలయంలో న్యాయాధికారి ముందు హాజరై వాదించుకొనవచ్చు. ఆ తీర్పులను పేర్లు తొలగించి ప్రచురిస్తారు.