అడగాలంటే ముందు కనబడాలి

నిజామాబాద్‌లో పరుగు పందేలకు సాధన చేస్తున్న పన్నెండు పదమూడేళ్ల అమ్మాయి ఒకరోజు తండ్రిని ఒక మాట అడిగింది. అన్ని ఆటల్లోనూ అమ్మాయిలు కనిపిస్తున్నారు, బాక్సింగ్‌లో మాత్రం ఒక్కరూ లేరేమిటని. అది మగపిల్లల ఆట అని, ఆడపిల్లలకు అంత బలం ఉండదని లోకం అనుకుంటుందని తండ్రి చెప్పాడు. ఆ జవాబు ఆమెకు రుచించలేదు. ఆ అమ్మాయే నిఖత్ జరీన్. 2022లో ఒకసారి, 2023లో మరోసారి ప్రపంచ చాంపియన్ అయింది. ఈ ముచ్చట చెప్పుకున్నప్పుడల్లా అందరూ ఆమె పట్టుదలను మెచ్చుకుంటారు. మెచ్చుకోవాల్సిందే. అయితే ఆ ప్రశ్నలోనే ఉన్న ఇంకో సంగతిని దాటేసి పోతాం. బాక్సింగ్‌లో అమ్మాయిలు లేరని ఆమె గమనించిందంటే, బాక్సింగ్ ఆమె కళ్ల ముందు జరుగుతున్నదన్నమాట. రింగు ఉంది, అందులో అబ్బాయిలు ఉన్నారు, వాళ్లకు నేర్పే మనిషి ఉన్నాడు. పాలమూరులోని మక్తల్‌లోనో, మాగనూరులోనో, ఊట్కూరులోనో ఏడో తరగతి చదివే అమ్మాయికి బాక్సింగ్ రింగు ఎదురుపడే సందర్భం ఎంత అరుదో ఆలోచించండి. కంటపడని ఆటలో తనలాంటి వాళ్లు ఎందుకు లేరని ఎవరడుగుతారు?

చాంపియన్లు పుట్టుకతో వస్తారా, తయారవుతారా అన్న చర్చ పాతదే. నిఖత్ జీవితాన్ని తేదీల వారీగా పరిచి చూస్తే మాత్రం ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. ఇంటికి దగ్గరలో, రోజూ దొరికే కోచ్ ఉన్నచోటే ప్రతిభ బయటపడింది. నిజామాబాద్‌లో ఆ మనిషి సంసముద్దీన్. నిఖత్‌కు మొదటి పాఠాలు ఆయన దగ్గరే. ఆయన కొడుకు మహమ్మద్ హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు, 2023లో తాష్కెంట్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో కాంస్యం గెలిచాడు. ఒకే పట్టణం, ఒకే గురువు, ఇద్దరు ప్రపంచస్థాయి బాక్సర్లు. నిజామాబాద్ నీళ్లలో ఏదో మహత్తు ఉందనుకుంటే తప్ప దీన్ని యాదృచ్ఛికం అనలేం. హరియాణాలోని భివానీదీ ఇదే కథ. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌కు వెళ్లిన అయిదుగురు భారత బాక్సర్లలో నలుగురు ఆ ఊళ్లో సాధన చేసినవాళ్లే. విజేందర్ సింగ్ కాంస్యం గెలిచాక దేశమంతా భివానీ వైపు చూసింది. అక్కడ కనబడింది పెద్ద భవనమేమీ కాదు. జగదీశ్ సింగ్ అనే కోచ్, ఆయన చుట్టూ గుంపుగా చేరిన పిల్లలు.

గుంపు అన్న మాట ఇక్కడ ముఖ్యం. పరుగు ఒంటరిగా నేర్చుకోవచ్చు, గేటు బయట రోడ్డు ఉంటే చాలు. బాక్సింగ్ అలా కుదరదు. ఎలా నిలబడాలి, గడ్డం ఎలా దాచుకోవాలి, ఎడమ చేత్తో జాబ్ వేస్తూ కుడి చేతిని ఎక్కడ ఉంచాలి అన్నవి అద్దం ముందు కొంతవరకే వస్తాయి. ఎదుటి మనిషి కొట్టినప్పుడు కళ్లు మూసుకోకుండా ఉండటం, ఆ దెబ్బను తప్పించుకుంటూనే తిరిగి కొట్టే దూరంలో ఉండటం ఇంకొక మనిషి ఉంటేనే పట్టుబడతాయి. ఆ మనిషి బరువు, ఎత్తు ఇంచుమించు మనకు సమానంగా ఉండాలి. మొదట్లో నిజామాబాద్‌లో అమ్మాయిలు లేక నిఖత్ అబ్బాయిలతోనే తలపడింది. దెబ్బలు తిని ఇంటికి వస్తే తల్లి కన్నీళ్లు పెట్టుకుంది. ఆ అబ్బాయిలు కూడా లేకపోతే ఆ కథ పరుగు పందెం దగ్గరే ఆగిపోయేది.

అక్కడి నుంచి విశాఖపట్నం. భారత క్రీడా ప్రాధికార సంస్థ కేంద్రంలో ఐ. వెంకటేశ్వరరావు శిక్షణ. ద్రోణాచార్య పురస్కారం అందుకున్న కోచ్ ఆయన. 2010లో ఈరోడ్ జాతీయ పోటీల్లో ఆమె ఉత్తమ బాక్సర్‌గా నిలిచింది. 2011లో టర్కీలోని అంతాల్యాలో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీలో, ఆతిథ్య దేశం అమ్మాయినే ఓడించి స్వర్ణం గెలిచింది. అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు నిండలేదు. మహిళల బాక్సింగ్‌కు ఒలింపిక్స్‌లో చోటిస్తామని 2009లోనే నిర్ణయం జరిగింది. 2012 లండన్‌లో మేరీ కోమ్ కాంస్యం తెచ్చింది. అంటే నిఖత్ గ్లౌజులు తొడిగిన కాలానికే ఆ ఆటలో అమ్మాయిలకు తలుపు తెరుచుకుంటోంది. కానీ అదే 2012 డిసెంబరులో భారత బాక్సింగ్ సమాఖ్యను అంతర్జాతీయ సమాఖ్య సస్పెండ్ చేసింది. ఇప్పుడున్న సమాఖ్య 2016లో గానీ ఏర్పడలేదు. మధ్యలో ఆ నాలుగేళ్లూ పైన పెద్దలు పోట్లాడుకుంటుంటే, కింద పిల్లల్ని నిలబెట్టింది ఎవరు? రోజూ ఉదయం విజిల్ ఊదే కోచ్‌లే. బల్గేరియాలో జరిగిన యువ ప్రపంచ పోటీల్లో నిఖత్ రజతం గెలిచింది ఆ గందరగోళం నడుస్తున్న రోజుల్లోనే.

2017లో భుజం కీలు తప్పి ఏడాది పాటు రింగుకు దూరమైంది. 2019 చివర మేరీ కోమ్‌తో ఎంపిక ట్రయల్ జరపాలని క్రీడా మంత్రికి లేఖ రాసింది, ట్రయల్ జరిగింది, 9-1 తేడాతో ఓడిపోయింది. ఆ ఓటమి గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా ఆ ఇద్దరి మధ్య మాటల గురించే మాట్లాడతారు. నాకు గొప్పగా తోచేది ఆ తర్వాతి రెండేళ్లు. 2021లో ఇస్తాంబుల్ బోస్ఫరస్ టోర్నీలో రెండుసార్లు ప్రపంచ విజేత అయిన కజకిస్తాన్ బాక్సర్ నాజిమ్ కిజైబేను ఓడించింది. 2022 ఫిబ్రవరిలో సోఫియాలో టోక్యో ఒలింపిక్ రజత విజేత బూసె నాజ్‌ను ఓడించి, ఆ టోర్నీలో స్వర్ణమే గెలిచింది. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో ప్రపంచ పోటీల 52 కిలోల ఫైనల్‌లో థాయ్‌లాండ్ బాక్సర్ జిత్‌పాంగ్ జుతామస్‌పై 5-0తో నెగ్గింది. అయిదుగురు న్యాయనిర్ణేతలూ ఆమెవైపే మొగ్గారని ఆ అంకెకు అర్థం. అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ స్వర్ణం, 2023 మార్చిలో ఢిల్లీలో 50 కిలోల విభాగంలో రెండో ప్రపంచ స్వర్ణం, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కాంస్యం. 2024 పారిస్‌లో మాత్రం సీడింగ్ లేకుండా దిగి, రెండో పోటీలోనే చైనా బాక్సర్ వు యు చేతిలో ఓడింది. ఆ వు యు ఆ తర్వాత స్వర్ణమే గెలిచింది. 2025 నవంబరులో గ్రేటర్ నోయిడాలో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్స్‌లో నిఖత్ మళ్లీ స్వర్ణం గెలిచింది.

ఇప్పుడు ఎవరైనా అనవచ్చు, కోచ్ చుట్టూ ఎంతోమంది పిల్లలు ఉంటారు, అందరూ నిఖత్‌లు కాలేదు కదా అని. నిజమే. ఆమె తండ్రి జమీల్ అహ్మద్ స్వయంగా క్రీడాకారుడు, సౌదీలో ఏళ్ల తరబడి ఉద్యోగం చేసి కూతుళ్ల చదువు, ఆటల కోసం తిరిగొచ్చినవాడు. నిక్కరు వేసుకుని ఆడే ఆట ఆడపిల్లకేమిటని, రేపు పెళ్లి ఎలా అవుతుందని అన్నవాళ్లను ఆయన లెక్కచేయలేదు. అలాంటి తండ్రి అందరికీ ఉండడు. కానీ ఈ ఆక్షేపణ నా మాటను కొట్టేయదు, ఇంకాస్త బలపరుస్తుంది. తండ్రి ధైర్యం ప్రభుత్వం ఇవ్వగలిగేది కాదు, పుట్టుకతో వచ్చే ప్రతిభా అంతే. సమాజం చేతిలో ఉన్నది ఒక్కటే, నేర్పే మనిషిని ఊళ్లో పెట్టడం. ఆ ధైర్యమున్న తండ్రి మక్తల్‌లోనూ ఉండే ఉంటాడు. కూతురి చేయి పట్టుకుని ఆయన ఎక్కడికి తీసుకెళ్లాలి?

పాలమూరు సంగతి వేరు అని ఇంకొందరంటారు. వలసల నేల, మేస్త్రీ వెంట గుంపులుగా కదిలిపోయే కుటుంబాలు, అమ్మానాన్నలు ముంబైకో పుణెకో పోతే ముసలివాళ్ల దగ్గర మిగిలిపోయే పిల్లలు. వీళ్లకు బాక్సింగ్ ఏమిటని. ఈ మాటలో బాధ ఉంది, కాబట్టి తేలిగ్గా తీసుకోకూడదు. అయితే ఈ నేలకు బలం కొత్త కాదు. కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న ఈ పల్లెల్లో జాతర అంటే కుస్తీ పోటీలు ఉండాల్సిందే. మట్టి బరిలో గెలిచినవాడికి వెండి కడెం తొడిగి భుజాల మీద ఊరేగించే సంప్రదాయం ఇక్కడిది. ఎదుటివాడి బరువును కాళ్లతో అంచనా వేయడం, పట్టు దొరికేదాకా ఓపిక పట్టడం పాఠం పెట్టకుండానే ఇక్కడి పిల్లలు చూస్తూ పెరుగుతారు. బరి చుట్టూ నిలబడిన ఆ గుంపులో అమ్మాయిలూ ఉంటారు. ఇక వలస సంగతి. తల్లిదండ్రులు ఊళ్లో లేని పిల్లలకు నీడనిస్తున్నవి గురుకులాలు, హాస్టళ్లు. నిజామాబాద్ ప్రాంతం నుంచే వచ్చిన మాలావత్ పూర్ణ గురుకుల విద్యార్థిని. 2014 మేలో పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. వ్యవసాయ కూలీల ఇంటి పిల్ల. ఆమెకు కొండ చూపించింది ఆమె చదివిన గురుకుల వ్యవస్థ, భువనగిరి గుట్ట దగ్గర రాయి పట్టుకోవడం నేర్పిన శిక్షకులు. హాస్టల్ ఉన్నచోటికి కోచ్‌ను పంపితే, వలస వెళ్లిన ఇంటి బిడ్డే రోజూ సాధనకు వచ్చే బిడ్డ అవుతుంది.

కోచ్ అనగానే బాక్సింగ్ కోచే ఉండాలని పట్టుబట్టనక్కరలేదు. చిన్న పట్టణాల్లో ఇప్పటికే కరాటే మాస్టర్లున్నారు, కిక్‌బాక్సింగ్ నేర్పేవాళ్లూ పెరుగుతున్నారు. కిక్‌బాక్సింగ్‌లో పిడికిలితో పాటు కాలితో కొట్టడమూ చెల్లుతుంది. 2021లో దాని ప్రపంచ సమాఖ్యను అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ గుర్తించింది, ఒలింపిక్ పోటీల జాబితాలో మాత్రం అది ఇంకా లేదు. ఒలింపిక్స్‌లో లేని ఆట దండగ అనేవాళ్లకు నెదర్లాండ్స్ యోధురాలు లూసియా రైకర్ జీవితమే జవాబు. చిన్నప్పుడు జూడోతో మొదలుపెట్టి, కిక్‌బాక్సింగ్‌లో ప్రపంచ విజేతై, 1996లో ప్రొఫెషనల్ బాక్సింగ్‌లోకి మారి, ఆడిన 17 పోటీల్లోనూ గెలిచింది. ఒక ఆటలో పాదాలకు వచ్చిన చురుకు మరో ఆటలోకి వెంట వస్తుంది. మొదటి గురువు ఎవరన్నది కాదు, పిల్లలో సత్తా కనబడగానే తర్వాతి గురువు దగ్గరికి పంపే దారి ఉందా లేదా అన్నదే లెక్క. నిజామాబాద్ నుంచి విశాఖకు నిఖత్‌కు ఆ దారి దొరికింది.

డబ్బెక్కడిది అన్నది ఎప్పుడూ వచ్చే ప్రశ్న. 2022లో ప్రపంచ చాంపియన్ అయ్యాక రాష్ట్ర ప్రభుత్వం నిఖత్‌కు 2 కోట్ల రూపాయలు, హైదరాబాద్‌లో ఇంటి స్థలం ప్రకటించింది. 2024 సెప్టెంబరులో ఆమె డీఎస్పీగా చేరింది. ఇవి ఆమెకు న్యాయంగా దక్కినవే, ఒక్క రూపాయి తగ్గించమని అనడం నా ఉద్దేశం కాదు. గెలిచినవాళ్లను గౌరవించని జాతికి గెలిచేవాళ్లు మిగలరు. కానీ ఒక లెక్క వేసి చూడండి. ఒక కోచ్‌కు నెలకు 40 వేలు జీతమనుకుంటే ఏడాదికి 4 లక్షల 80 వేలు. 2 కోట్లతో ఆ కోచ్‌ను నలభై ఏళ్లకు పైగా నిలబెట్టవచ్చు. గ్లౌజులు, తలకు కట్టుకునే గార్డు, పళ్లకు మౌత్‌గార్డు, చేతికి చుట్టే పట్టీలు, రెండు మూడు పంచింగ్ బ్యాగులు, ఇవన్నీ కలిపినా ఒక ఊరి జాతర ఖర్చు కాదు. పేరొచ్చిన ఒక్కరి చేతికి ఎంత ఇచ్చామో పత్రికల్లో వస్తుంది, పేరు రాకముందు వందమందికి ఎంత ఇచ్చామో ఎవరూ అడగరు. 2025 జూన్‌లో మంత్రివర్గంలో చేరిన మక్తల్ శాసనసభ్యుడు వాకిటి శ్రీహరికి క్రీడల శాఖ దక్కింది. ఈ ప్రశ్న అడగడానికి ఇంతకన్నా దగ్గరి చిరునామా మక్తల్‌కు ఇదివరకు దొరకలేదు. హకీంపేట క్రీడా పాఠశాల ఉంది కదా అంటే, అది ఏరి తెచ్చిన పిల్లలకు. ఏరాలంటే ముందు విత్తు మొలవాలి కదా.

తలకు దెబ్బలు తగిలే ఆట పిల్లలకు మంచిదేనా అన్న భయానికి మాత్రం నేను తలవంచుతాను. అది నిజమైన భయం. మహిళల అమెచ్యూర్ బాక్సింగ్‌లో తలకు గార్డు తప్పనిసరిగా ఉంచడం వెనుక ఉన్నదీ అదే. బరువు తగ్గించుకోవడంలోనూ ప్రమాదముంది. పారిస్ పోటీకి ముందు రెండు రోజులు తిండీ నీళ్లూ లేకుండా ఉండాల్సి వచ్చిందని నిఖత్ తానే చెప్పింది. ఆమెలాంటి అనుభవజ్ఞురాలికే అది అంత కష్టమైతే, పదమూడేళ్ల పిల్లకు ఎవరి సలహా లేకుండా ఏమవుతుంది? అందుకే అర్హత ఉన్న కోచ్ కావాలనడం. ఎప్పుడు కొట్టుకోనివ్వాలో, ఎప్పుడు ఆపాలో, ఎన్ని నెలలు బ్యాగు మీదే సాధన చేయించాలో తెలిసినవాడు లేనిచోట ఆట అపాయమే. వీడియోలు చూసి ఇంటి మేడ మీద ఒకరినొకరు గుద్దుకునే పిల్లలు ఇప్పటికే ఉన్నారు. వాళ్ల కోసమైనా ఆ మనిషి రావాలి.

2009లో మొదలుపెట్టిన నిఖత్ ప్రపంచ చాంపియన్ అవడానికి 2022 దాకా పట్టింది. పదమూడేళ్లు. 2023 అక్టోబరులో జక్లేర్ నుంచి కృష్ణ దాకా రైలు మార్గం ప్రారంభమైంది. ఎన్నో ఏళ్లు ఎదురుచూశాక మక్తల్ మీదుగా హైదరాబాద్ నుంచి రాయచూరుకు బండి నడుస్తోంది. ఆ బండిలో ఒక బాక్సింగ్ కోచ్ ఈ ఏడాదే వచ్చి మక్తల్ స్టేషన్‌లో దిగాడనుకున్నా, ఇప్పుడు ఏడో తరగతిలో ఉన్న పిల్ల ఇస్తాంబుల్‌లాంటి రింగులో నిలబడేసరికి ఆమెకు పాతికేళ్లు వస్తాయి.