గణేష్ మండపానికి ఇన్సూరెన్స్.. ఆ 474 కోట్లలో ఎక్కువ వాటా దేనికో తెలుసా?

ముంబైలోని జీఎస్‌బీ సేవా మండల్ 2025లో గణపతి ఉత్సవాలకు 474.46 కోట్ల రూపాయల బీమా చేయించింది. అదంతా బంగారు ఆభరణాలకే అనుకుంటే పొరపాటే. బంగారం, వెండి నగలకు 67.03 కోట్లు. వాలంటీర్లు, పూజారులు, వంటవాళ్లు, సెక్యూరిటీ సిబ్బంది ప్రమాద బీమాకు ఏకంగా 375 కోట్లు! పబ్లిక్ లయబిలిటీకి మరో 30 కోట్లు.

మన గల్లీ మండపాలకు కోట్లు అక్కర్లేదు. కానీ లెక్క ఇదే.. ముందు మనుషులు, తర్వాతే సామాను. కమిటీలు ఏమేం చూడాలంటే..

పబ్లిక్ లయబిలిటీ: షాక్ కొట్టినా, పందిరి కూలినా, తొక్కిసలాట జరిగినా.. భక్తులకు కమిటీ చట్టప్రకారం కట్టాల్సిన పరిహారం కోసం.

పర్సనల్ యాక్సిడెంట్: మండపంలో పనిచేసే కుర్రాళ్ల కోసం. పేర్ల జాబితా అడిగితే ఒక్కరినీ మర్చిపోకుండా ఇవ్వాలి.

ఫైర్ పాలసీ: పందిరి, లైటింగ్, సౌండ్ సిస్టమ్ కోసం. అద్దె సామానుకు వర్తిస్తుందో లేదో ముందే అడగాలి.

తేదీలు చాలా కీలకం. చవితి నుంచి మాత్రమే పాలసీ తీసుకుంటే చిక్కే. కర్రలు పాతేటప్పుడు, విగ్రహం తెచ్చేటప్పుడు, నిమజ్జనం ఊరేగింపులోనూ ప్రమాదాలు జరుగుతాయి. ఆ రోజులు, ఊరేగింపు కూడా పాలసీలో రాసి ఉండాలి.

పర్మిషన్ లేకుండా స్తంభం నుంచి కరెంట్ లాగారా? క్లెయిమ్ తిరస్కరించే ఛాన్స్ ఉంది. అందుకే అనుమతి పత్రాలు, కరెంట్ కనెక్షన్ రసీదు పాలసీతో పాటే భద్రపరచుకోవాలి. క్లెయిమ్‌పై కంపెనీ స్పందించకపోతే ఐఆర్‌డీఏఐ టోల్‌ఫ్రీ నంబర్ 155255కు ఫిర్యాదు చేయొచ్చు.