పరకలకు పురిటిల్లు మన వరిమడే

పై వీడియోలో మా పొలం కాలువలో నీళ్లకు ఎదురెక్కుతున్న చిన్న చేపలు చూశారు కదా, అవి పరకలు. శాస్త్రవేత్తలు పుంటియస్ సోఫోర్ అంటారు. వీటిని ఎవ్వరూ తెచ్చి వదల్లేదు. ప్రభుత్వం చెరువుల్లో వదిలేది రోహు, బొచ్చె లాంటి పెద్ద రకాలనే. పరకకు దారి ఉంటే చాలు, అదే వస్తది.

మా రామగిరి దిక్కు ఎండాకాలం కుంటలు అడుగంటుతాయి. గుంతల్లో మిగిలిన కాసిన్ని నీళ్లలో నిరుటి చేపలు కొన్నే బతికుంటాయి. వచ్చే ఏడాది పరకలన్నీ వాటి కడుపులోనే ఉన్నయన్నమాట.

చేప ఎప్పుడు గుడ్లు పెడుతుందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు నెలనెలా కొన్ని పట్టి, ఒంటి బరువులో గుడ్ల సంచి నూటికి ఎంతుందో తూస్తారు. ఆ అంకె పెరుగుతూ వచ్చి దిగిపోతే గుడ్లు పెట్టినట్టు. పరకకు ముఖ్యమైన కాలం వానాకాలమే. మనకు తూకం అక్కర్లేదు. ఆడదాని పొట్ట ఉబ్బుతుంది, మగదాని పక్కన ఎర్రటి చార తేలుతుంది. తోక మొదట్లో నల్లచుక్క రెండింటికీ ఉంటుంది.

మిరుగు, ఆరుద్ర వానలకు కొత్తనీళ్లు పారగానే ఎదురెక్కి, లోతు లేని చోట గడ్డికి, నాచుకు గుడ్లు అంటిస్తాయి. కాపలా కాయవు. ఒకటి రెండు రోజుల్లో పిల్లలు. పశువుల ఎరువు పడ్డ మడిలో వాటి మేతకు కొదవుండదు.

సరిగ్గా అప్పుడే మనోళ్లు కాలువకు అడ్డంగా దోమతెర కడతారు. మిరుగు నాడు చేప తినడం మన ఆచారం, నేనూ తింటా. అందుకు చెరువు చేప లేదా? ఒక్కో ఆడ పరకలో గుడ్లు వేలల్లో ఉంటాయి. ఆ తెరలో పడేది కూర కాదు, విత్తనం.

ఇంకో మాట, మన ప్రకృతి రైతులకే. పైరెత్రాయిడ్ మందులు చేపలకు విషమని అందరికీ తెలుసు. కానీ అగ్ని అస్త్రంలో పొగాకు ఉంటది, అదీ చేపకు మంచిది కాదు. ఆకుల మీదే పిచికారీ చేయండి, మడి నీళ్లలో పొయ్యకండి.

చిన్న చేపే కదా అనుకోవద్దు. మనకు దగ్గర్లోని కవ్వాల్ అడవిలో, మైసమ్మ లొద్ది వాగులో దొరికిన ఓ బుల్లి చేపకు 2020లో తెలంగాణ పేరే పెట్టారు: ఇండోరియోనెక్టిస్ తెలంగాణెన్సిస్.

నేను మడి మూలకు మోకాలి లోతు గుంత తీశా. కోతకు ముందు నీళ్లు తీసేస్తే పరకలు అందులో చేరతాయి. పట్టేది అప్పుడే. కొన్నింటిని మాత్రం తిరిగి కుంటలో వదులుతా. గుంత ఎట్ల తీయాలో తర్వాతి వీడియోలో చూపిస్తా.