గల్ఫ్‌లో భూమి కదిలితే ధర్మపురిలో ఏం అడగాలి?

2013 ఏప్రిల్ 16, మంగళవారం. మన గడియారంలో సాయంత్రం 4 గంటల 14 నిమిషాలు. ఇరాన్‌లో పాకిస్తాన్ సరిహద్దు దగ్గర, సరవాన్ ప్రాంతంలో 7.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. నిమిషాల్లోనే దుబాయ్‌లో ఎత్తైన భవనాలు ఊగాయి, జనం మెట్లు దిగి రోడ్ల మీదికి వచ్చారు. ధర్మపురి, రాయికల్, కోరుట్ల దిక్కు గల్ఫ్‌కు మనిషి పోని వాడకట్టు వెతికినా దొరకదు. ఇలాంటప్పుడు టీవీ కింద స్క్రోలింగ్‌లో కనిపించేది ఆ ఒక్క అంకే. "మా పోరడు ఎట్లున్నడో, ఫోను కలుస్తలేదు" అని పక్కింటావిడ వచ్చి అడిగితే, ఆ అంకె ఒక్కటి చూసి జవాబు చెప్పలేం. ఇంకో మూడు సంగతులు తెలియాలి.

ముందు ఆ అంకె సంగతి. తీవ్రత అంటే భూకంపం పుట్టిన చోట విడుదలైన శక్తికి కొలత. మన దగ్గరిదే ఒకటి తీసుకుందాం. 2024 డిసెంబర్ 4 ఉదయం ఏడున్నరకు కాస్త ముందు ములుగు జిల్లాలో పుట్టి, కరీంనగర్ దాటి హైదరాబాద్ దాకా తెలిసిన భూకంపం తీవ్రత 5.3. స్కేలు మీద ఒక్క అంకె పెరిగితే శక్తి ఒక్క రెట్టు కాదు, దాదాపు 32 రెట్లు పెరుగుతుంది. రెండంకెలు పెరిగితే వెయ్యి రెట్లు. 5.3కూ 7.7కూ మధ్య తేడా 2.4. లెక్క కడితే సుమారు 4,000 రెట్లు. ములుగుది 5 మిల్లీలీటర్ల చెంచాడు నీళ్లనుకుంటే, సరవాన్‌ది 20 లీటర్ల వాటర్ క్యాన్.

అంత పెద్దది వస్తే దుబాయ్ ఎట్లా నిలబడింది? ఇక్కడే లోతు సంగతి వస్తుంది. సరిగ్గా వారం ముందు, ఏప్రిల్ 9న, ఇరాన్‌లోనే బుషెహర్ దగ్గర 6.3 తీవ్రతతో ఒకటి వచ్చింది. మన కొలతలో అది ఛాయ్ గ్లాసెడు. అయినా రెండింట్లోనూ చనిపోయినవారి సంఖ్య ఇంచుమించు ఒకటే, నలభైకి అటూ ఇటూ. బుషెహర్‌ది భూమి కింద పది, పన్నెండు కిలోమీటర్ల లోతులోనే పుట్టింది. సరవాన్‌ది 80 కిలోమీటర్ల లోతున. పైకి వచ్చేసరికే దాని బలం చాలా తగ్గింది.

అదే 7.7 లోతు లేకుండా వస్తే ఏమవుతుందో 2025 మార్చి 28న మయన్మార్‌లో చూశాం. లోతు 10 కిలోమీటర్లు. మూడు వేలకు పైగా ప్రాణాలు పోయాయి. కాబట్టి అంకె విన్న వెంటనే అడగాల్సిన మాట "ఎంత లోతు?" వార్తల్లో ఇది చివరి వరుసలో ఎక్కడో ఉంటుంది, వెతుక్కోవాలి.

రెండోది దూరం. సరవాన్ కేంద్రం నుంచి దుబాయ్‌కి 700 కిలోమీటర్ల పైన. ధర్మపురి నుంచి ముంబైకి తిన్నగా గీత గీసినా అంత రాదు. దుబాయ్‌లో 7.7 రాలేదు, 7.7 తాలూకు మిగులు వచ్చింది. స్క్రోలింగ్‌లో "దుబాయ్‌లో భూకంపం: 7.7" అని వేస్తే ఈ తేడా కాస్తా పోతుంది.

దూరం అంతయితే మరి భవనాలు ఊగడమెందుకు? భూమిలో పుట్టిన అలల్లో గబగబా అదిరేవి దారిలోనే అణగిపోతాయి. నెమ్మదిగా ఊపేవి దూరం పోతాయి. ప్రతి భవనానికీ తనదైన ఊపు ఒకటుంటుంది. ఇంజినీర్ల మోటు లెక్క ప్రకారం అంతస్తుల సంఖ్యను పదితో భాగిస్తే, ఒకసారి ఇటూ అటూ ఊగి రావడానికి పట్టే సెకన్లు వస్తాయి. రెండంతస్తుల లేబర్ క్యాంపుకు 0.2 సెకను, 40 అంతస్తుల టవర్‌కు 4 సెకన్లు. దూరం నుంచి వచ్చే నెమ్మది అల టవర్‌నే పట్టుకుంటుంది. అందుకే క్యాంపులో పడుకున్నవాడికి తెలియకపోవచ్చు, ముప్ఫయ్యో అంతస్తులో ఆఫీస్ బాయ్‌కి తల తిరగొచ్చు. మూడో ప్రశ్న ఇదే: మనవాడు ఆ సమయానికి ఎంత ఎత్తున ఉన్నాడు?

పూర్తయిన టవర్ ఊగితే భయపడాలా? ఊగడం తప్పు కాదు, విరగకుండా ఊగేలాగే కడతారు. నాకు భయమేసేది సగం కట్టిన భవనం గురించి. మయన్మార్ భూకంపానికి వెయ్యి కిలోమీటర్ల దూరంలోని బ్యాంకాక్‌లో, మెత్తటి బంకమట్టి మీద ఉన్న నగరం అంతా ఊగింది. పూర్తయిన టవర్లు నిలిచాయి. కూలిపోయింది ఇంకా పని నడుస్తున్న ముప్ఫై పైచిలుకు అంతస్తుల ప్రభుత్వ భవనం. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది అక్కడి కూలీలే. మనవాళ్లు గల్ఫ్‌లో చేసేది చాలావరకు ఆ పనే గనుక, సైట్‌లో అదిరినప్పుడు ఎక్కడ చేరాలో పనిలో చేరిన మొదటి వారంలోనే ఫోర్‌మన్‌ను అడిగి పెట్టుకొమ్మని చెప్పండి. గదిలో ఉంటే గట్టి టేబుల్ కిందికి దూరి తల కాపాడుకోవాలి. అదురు ఆగాకే మెట్ల మీదుగా దిగాలి. లిఫ్ట్ జోలికి పోవద్దు.

ఫోను కలవకపోతే? అందరూ ఒకేసారి కాల్ చేస్తారు కనుక లైన్లు నిండిపోతాయి. కాల్ పోని చోట చిన్న మెసేజ్ పోయే అవకాశం ఎక్కువ. ఊళ్లోని ముప్ఫై ఇళ్లూ ఒకేసారి కొట్టే బదులు, అక్కడి గదిలో ఒకడు అందరి పేర్లూ గ్రూపులో పెట్టేలా ముందే అనుకుంటే మేలు.

ఇంకోసారి వస్తుందా అని అడుగుతారు. చిన్నవి తప్పక వస్తాయి. వాటిలో పెద్దది సాధారణంగా అసలుదానికన్నా 1.2 అంకెలు తక్కువగా ఉంటుందని శాస్త్రజ్ఞుల అనుభవం. 7.7 తరువాత 6.5, అంటే క్యాన్ తరువాత 300 మిల్లీలీటర్ల చెంబు. దూరాన ఉన్న దుబాయ్‌కి అది లెక్కలోకి రాదు. కేంద్రం పక్కనే ఉన్నవాళ్లు మాత్రం పగుళ్లిచ్చిన ఇంట్లో ఆ రాత్రి పడుకోకూడదు.

చివరగా కాగితాల సంగతి. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ మీద పోయేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు ప్రీమియం పన్ను కాక 275 రూపాయలు. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షలు వస్తాయి. చాలా ఇళ్లలో ఆ పాలసీ నంబర్ ఏజెంటు దగ్గరో పిల్లవాడి పెట్టెలోనో ఉండిపోతుంది. పాలసీ, పాస్‌పోర్ట్, వీసా, పని చేసే కంపెనీ చిరునామా, ఈ నాలుగింటి ఫొటోలు ఇంట్లోవాళ్ల ఫోన్‌లో ఉంటే రాయబార కార్యాలయానికి గానీ విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌కు గానీ అదే గంటలో వివరాలు పంపొచ్చు.