ప్రధానపు ఉంగరం, పనిచేసే చేతులు

ఈస్టర్ పండుగ అయ్యాక మన సంఘాల్లో ప్రధానాలు, పెళ్ళిళ్ళు మొదలవుతాయి. శ్రమల దినాల్లో ఆగిన శుభకార్యాలన్నీ ఏప్రిల్ చివరలో, మే నెలలో వరుసగా జరుగుతాయి. సెలవు మీద ఇంటికి వెళ్ళిన సిస్టర్లలో ఒకరిద్దరు వేలికి కొత్త ఉంగరంతో డ్యూటీకి వస్తారు. అందరం సంతోషిస్తాం, స్వీట్లు తింటాం. ఆ వెంటనే వార్డు ఇన్‌చార్జి సిస్టర్ గారు అనే మాట, “చాలా బాగుందమ్మా. ఇప్పుడు తీసి దాచుకో” అని. ఆ మాటతో అమ్మాయి ముఖం చిన్నబోతుంది.

పాస్టరుగారు ప్రార్థన చేసి తొడిగించిన ఉంగరాన్ని వారం తిరక్కుండానే తీయమంటారేమిటని ఆమెకు అనిపిస్తుంది. కాబోయే అత్తగారికి తెలిస్తే ఏమనుకుంటారో అని దిగులు. తీసి ఎక్కడో పెట్టి పోగొట్టుకుంటే ఎలాగన్నది అంతకన్నా పెద్ద దిగులు. ఇవి తేలికగా కొట్టిపారేసే భయాలు కావు. అర కాసు ఉంగరం అంటే 4 గ్రాముల బంగారం. ఎన్నో ఇళ్ళలో అది నెలల తరబడి కూడబెట్టిన డబ్బు. కాబట్టి తీయండి అని చెప్పి ఊరుకోకుండా, ఎందుకు తీయాలో, తీసి ఎక్కడ పెట్టాలో కూడా ఈ సంచికలో రాస్తున్నాం. ఆసుపత్రి వారికే కాదు, పొలంలో, షెడ్డులో, వంటశాలలో చేతులతో పనిచేసే వారందరికీ ఇది పనికివస్తుంది.

వార్డులో ఎందుకు వద్దంటాం?

చేతుల శుభ్రత గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో ఉంగరాల ప్రస్తావన ఉంది. రోగులకు సేవ చేసే వేళ ఉంగరాలు, ఇతర నగలు వద్దని అందులో సూచించారు. మతాచారం, సంప్రదాయం గట్టిగా ఉన్నచోట మామూలు వార్డు పనికి రాయిలేని సాదా పెళ్ళి ఉంగరం ఒక్కటి ఉంటే ఉండవచ్చునన్నారు. ఆపరేషన్ థియేటర్‌లో మాత్రం ఏ ఉంగరమూ ఉండకూడదు.

కారణం తెలిసిందే. సబ్బు, శానిటైజర్ ఉంగరం కిందికి సరిగా చేరవు. ఉంగరం కింది చర్మం మీద క్రిములు ఎక్కువగా ఉంటాయని పలు పరిశీలనల్లో తేలింది. ఫలానా ఉంగరం వల్లే ఫలానా రోగికి ఇన్ఫెక్షన్ వచ్చిందని నిరూపించడం కష్టమే. అయినా నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను, ఒళ్ళు కాలిన రోగిని తాకే చేతి విషయంలో నిరూపణ కోసం ఎదురుచూడడం మాకు ఇష్టం లేదు.

రాయి పొదిగిన ఉంగరమైతే ఇంకా ఇబ్బంది. దాని అంచు తగిలి గ్లౌజు చిరుగుతుంది, చిరిగినట్టు తెలియను కూడా తెలియదు. ముసలివారిని పక్కకు తిప్పేటప్పుడు వారి పలచటి చర్మం గీరుకుపోతుంది. పెట్టుకున్నవారి వేలికీ సుఖం ఉండదు. రోజుకు ముప్ఫై నలభై సార్లు చేతులు కడిగితే సబ్బు నీరు ఉంగరం కింద నిలిచి, అక్కడి చర్మం ఎర్రబడి, దురద పెట్టి పగులుతుంది. చాలామంది దీన్ని తామర అనుకుని మందుల షాపులో ఏదో ఒక ట్యూబు కొని పూస్తారు. ముందు ఉంగరం తీసి, వేలిని పొడిగా ఉంచి, కొబ్బరినూనె గానీ వేసలీన్ గానీ రాసి చూడండి. తగ్గకపోతే చర్మవ్యాధుల ఓ.పి.కి రండి.

వేలికే ముప్పు

వార్డులో భయం రోగి కోసమైతే, బయటి పనుల్లో భయం మీ వేలి కోసమే. లారీ మీదినుంచి కిందికి దూకుతారు. చేతికున్న ఉంగరం లారీ తలుపు కొక్కేనికో, మేకుకో తగులుకుంటుంది. మనిషి బరువంతా ఆ ఒక్క వేలి మీద పడుతుంది. ఉంగరం చర్మాన్ని, రక్తనాళాలను, నరాలను మేజోడు లాగినట్టు ఒలిచేస్తుంది. ఒక్కోసారి వేలే ఊడివస్తుంది. గోడ దూకే కుర్రవాళ్ళకు, బాస్కెట్‌బాల్ ఆడేవారికి కూడా ఇలా జరుగుతుంది. రక్తనాళాలు తెగితే భూతద్దం కింద వాటిని అతికే ఆపరేషన్ కావాలి, అది అన్ని ఊళ్ళలో దొరకదు. అతికినా వేలు మునుపటిలా వంగకపోవచ్చు.

లేత్, డ్రిల్లింగ్ మెషిన్, నూర్పిడి యంత్రం, గడ్డి కోసే యంత్రం, వీటి దగ్గరా ఇదే ప్రమాదం. పైన గ్లౌజు వేసుకున్నాం కదా అంటారు కొందరు. తిరిగే యంత్రం దగ్గర గ్లౌజు కూడా చిక్కుకుని చేతిని లోపలికి లాగుతుంది, కనుక అది రక్షణ కాదు. ఆటో, ట్రాక్టర్ మెకానిక్కులకు ఇంకొకటి ఉంది. 12 వోల్టుల బ్యాటరీ షాక్ కొట్టదని ధీమాగా ఉంటారు. బ్యాటరీ ప్లస్ కొనకు, బండి ఇనుముకు మధ్య ఉంగరం తగిలిందంటే దానిలోంచి విపరీతమైన కరెంటు పారి కొన్ని క్షణాల్లోనే అది కాలిపోయేంత వేడెక్కుతుంది. వేలి చుట్టూ గాజులా కాలిన గాయం పడుతుంది.

వేలు తెగిపడితే చేయవలసిన పని ఇక్కడే చెబుతాం. తెగిన ముక్కను తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి కట్టండి. ఆ కవరును ఐసు ముక్కలున్న డబ్బాలో పెట్టండి. ముక్కను నేరుగా ఐసులో వేయకూడదు. గాయం మీద శుభ్రమైన గుడ్డ గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి ఉంచి వెంటనే బయల్దేరండి.

ఉంగరానికీ ముప్పే

వేలి సంగతి సరే, బంగారానికేం అవుతుందని అడిగేవారున్నారు. 22 క్యారెట్ల బంగారం మెత్తన. ఇనప బకెట్టు, ఆక్సిజన్ సిలిండర్, మంచం కమ్మీ పట్టుకున్నప్పుడల్లా కొద్దికొద్దిగా అరుగుతుంది, వంకర పోతుంది. రాయిని పట్టి ఉంచే చిన్న కొక్కేలు లేచిపోయి, ఏదో ఒకరోజు రాయి రాలిపోతుంది. నేల తుడిచే బ్లీచింగ్ నీళ్ళలోని క్లోరిన్ బంగారంలో కలిపిన రాగి, వెండిని తింటుంది, అతుకు వేసిన చోటును బలహీనం చేస్తుంది. 18 క్యారెట్ల ఉంగరాల్లో ఈ నష్టం ఎక్కువ.

అన్నిటికన్నా వింత పాదరసం. పాత థర్మామీటరో, పాత రకం బి.పి. మిషనో పగిలి పాదరసం కిందపడితే దాని దగ్గరికి ఉంగరంతో వెళ్ళకండి. బంగారం పాదరసాన్ని పీల్చుకుని తెల్లబడుతుంది, పెళుసవుతుంది. అలా అయిన ఉంగరాన్ని ఇంట్లో పొయ్యి మీద కాల్చవద్దు, పాదరసం ఆవిరి విషం. కంసాలి దగ్గరకు తీసుకెళ్ళినా పాదరసం తగిలిందని ముందే చెప్పండి, లేకపోతే ఆయన ఊపిరితిత్తులకు ముప్పు.

ఇంట్లో పెద్దలకు ఏం చెప్పాలి?

ఉంగరం తీస్తే అశుభం అని కొందరు పెద్దలు అనుకుంటారు. మన విశ్వాసంలో అలాంటి శకునాలకు చోటు లేదు. ఉంగరం మాటకు గుర్తు, ఆ మాట డ్యూటీలో ఉన్నా చెల్లుతుంది. అయినా పెద్దలతో వాదన పెట్టుకోవద్దు. ఆదికాండం 24వ అధ్యాయం చదివి వినిపించండి. అబ్రాహాము దాసుడు రిబ్కాకు బంగారు ముక్కుకమ్మి, కడియాలు ఇచ్చింది ఎప్పుడు? ఆమె బావి దగ్గరికి పరుగెత్తి నీళ్ళు చేది ఒంటెలన్నిటికీ పోసి, అవి తాగడం అయిన తరువాత. ముందు పని, తరువాత నగ!

పెళ్ళికి ముందు పాస్టరుగారి దగ్గర కూర్చుని మాట్లాడుకునే జంటలకు మరో సలహా. అమ్మాయి నర్సు అయినా, అబ్బాయి మెకానిక్ అయినా ఎత్తైన రాయి లేని సాదా ఉంగరం ఎంచుకోండి. వేలి కొలత చలి వేళ పొద్దున్నే ఇవ్వకండి, అప్పుడు వేళ్ళు సన్నబడి ఉంటాయి. సాయంత్రం ఇవ్వండి. టంగ్‌స్టన్ ఉంగరాలు చూడ్డానికి బాగుంటాయి గానీ మామూలు రింగ్ కట్టర్‌కు తెగవు, బిగుసుకుంటే పట్టకారుతో బిగించి పగలగొట్టాలి. సాగే సిలికాన్ ఉంగరాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. గట్టిగా లాగితే తెగిపోతాయి కనుక షెడ్డులో పనిచేసేవారికి బంగారం కన్నా నయం. క్రిముల విషయంలో మాత్రం అవీ ఉంగరాలే, వార్డులో పనికిరావు.

తీసి ఎక్కడ పెట్టాలి?

మేము చూసినంతలో ఉంగరాలు పోయేది వేలి మీదినుంచి తక్కువ, తీసి పెట్టిన చోటినుంచి ఎక్కువ. చేతులు కడుగుతూ సింకు గట్టు మీద పెడతారు, ఎవరో పిలుస్తారు, వెళ్ళిపోతారు. కాగితంలో చుట్టి బల్ల మీద పెడితే ఆయా చెత్త అనుకుని ఊడ్చేస్తుంది. ఏప్రాన్ జేబులో వేస్తే ఏప్రాన్ చాకలికి పోతుంది. టిఫిన్ డబ్బాలో వేస్తే ఇంట్లో ఎవరో కడిగేస్తారు. పర్సులో చిల్లరతో కలిపి వేసి బస్సు కండక్టరుకు ఇచ్చేసినా ఇచ్చేయవచ్చు.

అన్నిటికన్నా మంచిది డ్యూటీకి బయల్దేరే ముందే ఇంట్లో తీసి, రోజూ ఒకే డబ్బాలో పెట్టి తాళం వేయడం. హాస్టల్లో ఉండేవారు తమ పెట్టెలో పెట్టాలి, స్నేహితురాలి చేతికి ఇవ్వకూడదు. పోతే ఉంగరంతో పాటు స్నేహమూ పోతుంది.

ఇంటినుంచి పెట్టుకునే వచ్చారనుకోండి, నర్సులు ఎప్పటినుంచో చేసే పద్ధతి ఒకటి ఉంది, పిన్నీసు. గట్టి పిన్నీసును యూనిఫాం జేబు లోపలి బట్టకు గుచ్చి, ఉంగరంలోంచి పోనిచ్చి, మళ్ళీ బట్టలోకి గుచ్చి మూయాలి. జేబు ఉతుకుకు వెళ్ళే ముందు చేత్తో తడిమి చూడడం అలవాటు చేసుకోవాలి. థియేటర్‌లో బట్టలు మార్చుకుంటారు కనుక అక్కడివారికి తాళం ఉన్న లాకరే గతి.

గొలుసుకు తగిలించి మెడలో వేసుకోవడం చాలామందికి ఇష్టం. వార్డులో అది రోగి మీదికి వేలాడుతుంది, పసిపిల్లలు పట్టుకుని లాగుతారు. యంత్రాల దగ్గరైతే అసలే వద్దు, వేలికి తప్పిన ప్రమాదం మెడకు వస్తుంది. పొలం పనికి వెళ్ళే అక్కచెల్లెళ్ళు కొంగు చివర ముడి వేసుకుంటారు. నాట్లలో కొంగు తడిసి, వంగి లేచేసరికి ముడి జారితే బురదలో ఎక్కడని వెతుకుతారు? వంటవారికి నియమమే ఉంది. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనల ప్రకారం వంటలో పడిపోయేలాంటి వదులు నగలు పెట్టుకుని వండకూడదు.

వేలికి బిగిసిపోతే

ఏళ్ళ తరబడి తీయని ఉంగరం ఒకరోజు రాదు. చెయ్యి కాసేపు తలకన్నా ఎత్తులో పట్టుకుని, చల్లని నీళ్ళలో ముంచి, సబ్బు గానీ నూనె గానీ రాసి మెల్లగా తిప్పుతూ లాగండి. రాకపోతే దారం పద్ధతి. దారం ఒక కొసను ఉంగరం కిందినుంచి అరచేతి వైపుకు పోనివ్వండి. మిగిలిన దారాన్ని ఉంగరం అంచునుంచి వేలి కణుపు దాటేదాకా వరుసలు పక్కపక్కనే ఉండేలా బిగించి చుట్టండి. తరువాత అరచేతి వైపున్న కొసను వేలి చివర వైపు లాగుతూ విప్పితే, ఉంగరం దారం వెంబడి ముందుకు జరుగుతుంది. వేలు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, గాయమైనా ఈ ప్రయోగాలు వద్దు. క్యాజువాలిటీకి రండి. రింగ్ కట్టర్‌తో నిమిషాల్లో కోస్తాం. కోసిన ఉంగరాన్ని కంసాలి అతుకుతాడు.

పాము కరిచినా, తేలు కుట్టినా, చెయ్యి కాలినా, విరిగినా, వాపు రాకముందే ఆ చేతి ఉంగరాలు, గాజులు తీసేయాలి. గర్భిణుల వేళ్ళు కొంచెం ఉబ్బడం మామూలే. కానీ ఐదో నెల దాటాక ఉంగరం ఉన్నట్టుండి బిగిసి, ముఖం కూడా ఉబ్బితే, తలనొప్పి, కళ్ళు మసకబారడం ఉంటే అదే రోజు బి.పి. చూపించుకోవాలి. ఉంగరం సంగతి ఆ తరువాత.

పోయిందని తెలిస్తే

కొన్న రోజునే ఉంగరం ఫోటో తీసి, బిల్లుతో పాటు దాచండి. మన దేశంలో 2021 జూన్ నుంచి చాలా జిల్లాల్లో హాల్‌మార్క్ తప్పనిసరి అయింది. ఉంగరం లోపల ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన హెచ్.యు.ఐ.డి. సంఖ్య ఉంటుంది. అది రాసిపెట్టుకుంటే దొరికిన ఉంగరం మీదేనని చూపించగలరు. పావు కాసు, అంటే 2 గ్రాములకు లోపు ఉన్నవాటికి ఈ ముద్ర తప్పనిసరి కాదు.

వార్డులో ఉంగరం ఎక్కువగా పోయేది గ్లౌజుతో పాటే. చెమట పట్టిన చేతినుంచి గ్లౌజు లాగినప్పుడు ఉంగరం దానిలోనే ఉండిపోతుంది, గ్లౌజు ఎర్ర సంచిలోకి వెళుతుంది. ఆ చెత్తను ఎక్కువ కాలం నిల్వ ఉంచరు, కనుక మొహమాటపడకుండా వెంటనే ఇన్‌చార్జి సిస్టర్ గారికి చెప్పండి, సంచిని పక్కన పెట్టిస్తారు. సంచిలో మీరే చెయ్యి పెట్టి వెతకవద్దు, పొరపాటున పడిన సూది ఉండవచ్చు. ఇన్ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్ గారి ఎదుట, మందపాటి రబ్బరు గ్లౌజులు తొడుక్కుని, పొడుగాటి పట్టకారుతో ట్రేలో ఒక్కొక్కటిగా తీసి చూడాలి. దొరికితే సబ్బు నీళ్ళలో పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడిగి, స్పిరిట్ దూదితో తుడిచి ఆరబెట్టండి. బ్లీచింగ్ నీళ్ళలో మాత్రం నానబెట్టవద్దు.