కణాన్ని చంపని పరాన్నజీవి: కండరంలో ట్రైకినెల్లా

వేరుబుడిపె నులిపురుగు ఆశించిన టమాట మొక్కను పెకలిస్తే వేళ్ళపై బుడిపెలు కనిపిస్తాయి. వాటిలో పురుగుకు ఆహారమిచ్చే కణాలు చావవు. అనేక కేంద్రకాలతో ఉబ్బి, మహాకణాలుగా మారి పురుగును పోషిస్తాయి. జంతువుల కండరాల్లో ఇదే తీరున మనుగడ సాగించే నులిపురుగు ట్రైకినెల్లా స్పైరాలిస్.

1835లో లండన్‌లో వైద్య విద్యార్థిగా ఉన్న జేమ్స్ పాజెట్ ఒక మృతదేహపు కండరంలో తెల్లని సూక్ష్మ బిందువులను గమనించాడు. ఒక్కొక్క దానిలో చుట్టచుట్టుకున్న పురుగు ఉంది. అది పంది మాంసం ద్వారా మనిషికి సోకి ప్రాణాంతకం కాగలదని 1860లో జర్మనీలో జెంకర్ నిరూపించాడు.

సరిగా ఉడకని మాంసంతో చేరిన డింభకాలు పేగులో ప్రౌఢదశకు వస్తాయి. ఆడపురుగులు కన్న పిల్ల డింభకాలు రక్తప్రవాహం ద్వారా అస్థి కండరాలను చేరి, ఒక్కో కణంలో చొరబడతాయి. అప్పటికి వాటి పొడవు సుమారు 0.1 మి.మీ.; తరువాత 1 మి.మీ. వరకు పెరుగుతాయి.

సుమారు 20 రోజుల్లో ఆ కణం రూపురేఖలు మారిపోతాయి. సంకోచానికి తోడ్పడే సూక్ష్మ తంతువులు కరిగి, అడ్డచారలు మాయమవుతాయి. అంచున ఉండే కేంద్రకాలు పెద్దవై లోపలికి జరుగుతాయి. డి.ఎన్.ఎ. రెట్టింపవుతుంది, కాని కణ విభజన జరగదు. చుట్టూ కొల్లాజెన్ తొడుగు, దానిపై రక్తనాళాల వల ఏర్పడతాయి. కదలికకు పనికిరాని ఆ కణం ఇక డింభకానికి దాది కణం. అందులో డింభకం ఏళ్ళ తరబడి జీవించగలదు. ట్రైకినెల్లా సూడోస్పైరాలిస్ అనే మరో జాతి ఇటువంటి తొడుగు లేకుండానే కండర కణంలో జీవిస్తుంది. అంటే అన్ని జాతులకూ తొడుగు అనివార్యం కాదు. కణాన్ని మలచుకోవడమే కీలకం.

విస్తరణ శాస్త్రవేత్తలు గ్రహించవలసినది ఒకటుంది. పేగు దశలో మందులు బాగా పనిచేస్తాయి. దాది కణంలో స్థిరపడిన డింభకంపై వాటి ప్రభావం తక్కువ. కనుక నివారణే ప్రధానం. పందులకు పచ్చి మాంస వ్యర్థాలు మేపరాదు. దొడ్లలో ఎలుకలను అదుపు చేయాలి. మాంసం లోపలి భాగం 71 డిగ్రీల సెల్సియస్‌కు చేరేలా ఉడికించాలి. ఉప్పు పట్టించడం, పొగబెట్టడం నమ్మదగిన రక్షణ కావు.

టమాటలోనూ ఇంతే. మహాకణం ఏర్పడిన తరువాత దానిని తిరిగి మామూలు కణంగా మార్చలేము. వేసవి లోతు దుక్కులు, పంట మార్పిడి, ఆరోగ్యవంతమైన నారు ఎంపిక నాటడానికి ముందే జరగాలి. వేరులోనైనా, కండరంలోనైనా పురుగు కణంలో స్థిరపడక ముందే అడ్డుకోవాలి.