వాననీటికొక మజిలీ

మన తెలంగాణ నేతపనివారు పెక్కురు బ్రతుకుతెరువునకై చేరిన సూరతు నగరమున, తాపీనది ఉత్తరపు గట్టున మరమగ్గముల చప్పుడు రేయింబవళ్ళు వినవచ్చు అమ్రోలిలో, తొలి జడివాన కురిసిన గడియలోనే కాలువ జాలీపై దారపు పీచు, పాల ప్యాకెట్లు పేరుకొని, దిగవలసిన నీరు నిలిచి గడపల కెక్కును. గొట్టము చిన్నదని మనము తొందరపడి తీర్పు చెప్పుదుము. పెక్కుమారులు లోపము గొట్టమున గాక ఆ గుప్పెడు పీచులో నుండును. వానలకు ముందు పూడిక తీయుటకు మించిన చవక ఉపాయము లేదు.

అసలు చిక్కు కాలువ చివర నున్నది. ఉకాయి జలాశయము నుండి నీరు విడుదలై తాపీ పొంగినపుడు, నదీజలము కాలువల వెంట ఎదురుతన్ని ఊరిలోనికి రాకుండ, నదిలో కలియుచోట నమర్చిన తలుపులను మూయుదురు. 2006 ఆగస్టులో ఆ నది నగరమును ముంచెత్తిన తీరును సూరతువారు మరువలేదు. తలుపు మూసిన వేళనే ఊరిపై వాన కురిసినచో, ఎంత పెద్ద గొట్టమైనను నీటికి దారి చూపజాలదు, పంపులతో తోడవలసినదే.

ఒక హెక్టారుపై గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడినచో 5 లక్షల లీటర్లగును. అందు ఐదింట నాలుగు వంతులు కాంక్రీటు మీదుగా జారివచ్చిన, ప్రవాహము సెకనుకు సుమారు 111 లీటర్లు. ఆ నీటినే నాలుగు గంటలపాటు నెమ్మదిగా విడిచినచో 28 లీటర్లకు దిగును. పంపు నాలుగవ వంతుది చాలును. అందుకై నిలుపవలసినది 3 లక్షల లీటర్లు, అనగా 1,000 చదరపు మీటర్ల ఆటస్థలమును 30 సెంటీమీటర్లు పల్లము చేసినచో ఇమిడిపోవు నీరు.

కొత్త వీధి వేయునపుడు పెద్ద గొట్టమే మేలు. వాలు మారకున్న, వ్యాసము రెట్టింపైనచో ప్రవాహము ఆరు రెట్లగును. ఇండ్లును తీగెలును ఇరుకుకొనిన పాత వీధిని తవ్వునపుడు మాత్రము ఆ లాభమును తవ్వకపు ఖర్చే మ్రింగివేయును.

1908 మూసీ వరద పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు హైదరాబాదునకు ఎగువనే నీటిని నిలుపవలెనని సూచింపగా, 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియయ్యెను. పేటలోని పల్లపు మైదానము ఆ సూత్రమునకే చిన్న రూపము. అయితే దాని తూము నోటను ఆ దారపు పీచే మరల అడ్డుపడును గనుక, పూర్వము చెరువునకు నీరటికాని నుంచినట్లు, జడివాన వేళ తూమును కనిపెట్టియుండుట కొక మనిషిని నియమించి, ఆ జీతమును కూడ మైదానపు ఖర్చులోనే వ్రాసికొనవలెను.